లెక్క చెప్పాల్సింది ఎవరికి? కగామే వాదన, రువాండా అనుభవం

రువాండా రాజధాని కిగాలి బజార్లలో పాత బట్టలని ‘చాగువా’ అంటారు. స్వాహిలీలో ఏరుకోవడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది ఆ పేరు. అమెరికాలో, యూరప్‌లో జనం వాడి దానంగా ఇచ్చేసిన చొక్కాలు, ప్యాంట్లు, కోట్లు బేళ్లుగా కట్టి ఓడలెక్కి తూర్పు ఆఫ్రికాకి వస్తాయి. వ్యాపారి బేలు విప్పి కుప్ప పోస్తాడు, జనం చుట్టూ చేరి ఏరుకుంటారు. ధర చౌక. పేదవాడి ఒంటి మీదకి మంచి బట్ట వస్తుంది. కానీ ఆ చౌక ముందు అక్కడి దర్జీ గానీ, మిల్లు గానీ నిలబడటం కష్టం.

2016లో రువాండా ప్రభుత్వం ఈ బట్టల మీద దిగుమతి సుంకాన్ని కిలోకి 20 సెంట్ల నుంచి 2.50 డాలర్లకి పెంచింది. అంటే పన్నెండు రెట్లకు పైనే. కెన్యా, ఉగాండా, టాంజానియా కూడా మొదట ఇదే దారిలో నడుద్దామనుకున్నాయి. అమెరికాలోని పాత బట్టల వ్యాపారులు ఫిర్యాదు చేశారు. ఆఫ్రికా దేశాల సరుకుని సుంకం లేకుండా రానిచ్చే ‘అగోవా’ సదుపాయం మీకు తీసేస్తామని అమెరికా హెచ్చరించగానే మిగతా మూడు దేశాలూ వెనక్కి తగ్గాయి. రువాండా తగ్గలేదు. 2018 జులైలో రువాండా నుంచి వెళ్లే దుస్తులకి ఆ సదుపాయం ఆగిపోయింది. ఆ సదుపాయమా, సొంత పరిశ్రమా అన్నప్పుడు ఎంచుకోవడం పెద్ద కష్టం కాదని అధ్యక్షుడు పాల్ కగామే అప్పట్లో తేల్చి చెప్పారు. దానికి నష్టం ఉంటుందని తెలుసు, అయినా భరిస్తామన్నారు.

ఆయన రాజకీయాన్ని అర్థం చేసుకోవడానికి ఈ పాత బట్టల తగాదా మంచి ఉదాహరణ. ఊరికే వచ్చేది ఊరికే రాదన్నది ఆయన నమ్మకం. దాని ధర డబ్బుగా కాకుండా ఇంకోలా కట్టాల్సి వస్తుంది. కిన్యరువాండా భాషలో ‘అగచిరో’ అనే మాట ఉంది. విలువ, గౌరవం, పరువు అన్నీ కలిసిన మాట. కగామే ప్రసంగాల్లో ఇది మళ్లీ మళ్లీ వినిపిస్తుంది.

విదేశీ సాయం మీద ఆయన వాదనని చాలామంది ‘సాయం వద్దు’ అన్నట్టుగా అర్థం చేసుకుంటారు. అది సరైన అర్థం కాదు. సాయం తీసుకోవాలి, కానీ ఆ సాయం అవసరమే లేని రోజు వచ్చేలా వాడుకోవాలి అన్నది ఆయన మాట. అంతకంటే లోతైన అభ్యంతరం ఇంకొకటుంది. ప్రభుత్వం ఖర్చు పెట్టే డబ్బు జనం కట్టిన పన్ను అయితే, జనం నిలదీస్తారు. బడి కట్టలేదేం, మందులు లేవేం అని అడుగుతారు. అదే డబ్బు లండన్ నుంచో, వాషింగ్టన్ నుంచో వస్తే మంత్రులు, అధికారులు అక్కడివాళ్లకి రిపోర్టులు రాసుకుంటూ కూర్చుంటారు. జవాబుదారీతనం దిక్కు మారిపోతుంది. ఎవరి సొమ్ము తింటే వారి పాట పాడాలన్న మాట దేశాలకీ వర్తిస్తుంది. సాయం మీద వచ్చిన విమర్శల్లో బహుశా ఇదే అన్నిటికంటే బలమైనది.

ఈ అభిప్రాయం పుస్తకాలు చదివి పుట్టింది కాదు. కగామే 1957లో పుట్టారు. రువాండాలో తక్కువ సంఖ్యలో ఉన్న టుట్సీల మీద, ఎక్కువ సంఖ్యలో ఉన్న హుటూల దాడులు మొదలైనప్పుడు చిన్న పిల్లవాడిగా కుటుంబంతో ఉగాండాకి పారిపోయి, శరణార్థుల శిబిరంలో పెరిగారు. శిబిరంలో రేషన్ కోసం లైన్లో నిలబడటం అంటే ఏమిటో తెలిసిన మనిషి. తర్వాత ఉగాండాలో, ఆ దేశానికి ఆపైన అధ్యక్షుడైన ముసెవెని నడిపిన తిరుగుబాటు సైన్యంలో చేరారు. 1990లో రువాండాలోకి చొరబడిన శరణార్థుల తిరుగుబాటు సేన రువాండా పేట్రియాటిక్ ఫ్రంట్‌కి, దాని నాయకుడు ఫ్రెడ్ రుయిగేమా మొదట్లోనే చనిపోవడంతో, సైనిక నాయకుడయ్యారు.

1994 ఏప్రిల్ 6 రాత్రి అప్పటి అధ్యక్షుడు హబ్యరిమానా విమానాన్ని కిగాలి దగ్గర కూల్చేశారు. మర్నాటి నుంచి వంద రోజుల్లో హుటూ సైన్యం, ముఠాలు కలిసి సుమారు 8 లక్షల మందిని చంపేశాయని అంచనా. పది లక్షలకు పైనేనని రువాండా ప్రభుత్వం అంటుంది. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది టుట్సీలు. చంపడానికి ఒప్పుకోని హుటూలనీ వదల్లేదు. ఐక్యరాజ్య సమితి శాంతి సేన అక్కడే ఉంది. చంపుడు మొదలైన రెండు వారాలకి, ఏప్రిల్ 21న, భద్రతా మండలి ఆ సేనని పెంచలేదు, సుమారు 270 మందికి కుదించింది. ప్రపంచం చేతులు దులుపుకుంది. జులై 4న కగామే సేనలు కిగాలిని పట్టుకున్నాయి. ఆ మారణకాండని ఆపింది వాళ్లే.

ఆ తర్వాత జరిగింది, సాయం గురించిన ఆయన ఆలోచనకి అసలు మూలం. ఓడిపోయిన ప్రభుత్వమూ, సైన్యమూ, మిలీషియా ముఠాలూ లక్షల మంది మామూలు హుటూలని వెంటబెట్టుకుని సరిహద్దు దాటి అప్పటి జైర్‌లోకి, ఇప్పటి కాంగోలోకి వెళ్లిపోయాయి. సరిహద్దు పట్టణం గోమా చుట్టూ కొద్ది రోజుల్లోనే భారీ శిబిరాలు వెలిశాయి. కలరా వేల మందిని పొట్టనబెట్టుకుంది. ఆ దృశ్యాలు టీవీల్లో చూసి ప్రపంచం కదిలింది, సాయం వెల్లువెత్తింది. కానీ ఆ శిబిరాల్లో రేషన్ జాబితాలు రాసింది ఎవరు? నిన్నటిదాకా ఊచకోత నడిపిన మేయర్లు, ముఠా నాయకులే. పిండి బస్తాలు, నూనె డబ్బాలు వాళ్ల చేతుల మీదుగానే పంచారు. అందులో కొంత అమ్ముకుని ఆయుధాలు కొనుక్కున్నారు. అక్కడి నుంచే రువాండా మీద దాడులు చేశారు. ఈ పనికి మేం తోడుండలేమంటూ ‘డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్’ ఫ్రాన్స్ విభాగం 1994 చివర్లో ఆ శిబిరాల నుంచి బయటికి వచ్చేసింది.

ఇటు రువాండా లోపల ఏముంది? ఖజానా ఖాళీ. ఆఫీసుల్లో ఫైళ్లు లేవు, కుర్చీల్లో మనుషులు లేరు. బావుల్లో, చర్చిల్లో శవాలు. చచ్చినవాళ్ల దేశానికి చిల్లర విదిల్చిన లోకం, చంపినవాళ్ల శిబిరాలకి లారీలు నడిపింది. కొత్త ప్రభుత్వానికి అది ఇలాగే కనిపించింది. కోపం రాకుండా ఎలా ఉంటుంది? 1995 డిసెంబర్‌లో ఆ ప్రభుత్వం 38 విదేశీ స్వచ్ఛంద సంస్థలని దేశం విడిచి పొమ్మంది. అన్నం పెట్టే చేతినే వెళ్లిపొమ్మనడం అప్పట్లో చాలామందికి అహంకారంగా కనిపించింది. కానీ ఏ జిల్లాలో ఎవరు ఏం చేస్తున్నారో ప్రభుత్వానికే తెలియని స్థితిలో వందకు పైగా సంస్థలు ఎవరి దారిన అవి పనిచేస్తుంటే, అక్కడ ప్రభుత్వమనేది నిలబడదు. ఆ ఒక్క విషయంలో రువాండా పాలకులు సరిగానే ఆలోచించారు.

తర్వాతి ఏళ్లలో ఈ ఆలోచన ఒక పద్ధతిగా మారింది. 2010 ప్రాంతంలో రువాండా దాతలతో ఒక పని విభజన చేసుకుంది. ఒక్కో దాత దేశం మూడు రంగాలకి మించి వేలు పెట్టకూడదు. అందరూ ఆరోగ్యమే చేస్తామంటే కుదరదు, వ్యవసాయానికో రోడ్లకో మారండి అని పుచ్చుకునేవాడు ఇచ్చేవాడికి చెప్పాడు. పేద దేశాల రాజధానుల్లో ఇలా జరగడం అరుదు. పుచ్చుకునేవాడికి తనకేం కావాలో తెలిసి ఉండటం ఎంత తేడా చూపిస్తుందో ఆరోగ్య రంగంలో కనిపించింది. హెచ్‌ఐవీ కోసమే వచ్చిన డబ్బుని ఎయిడ్స్ క్లినిక్కులకే పరిమితం చేయకుండా మామూలు ఆరోగ్య కేంద్రాలని బలపరచుకోవడానికి వాడారు. ఒక్కో ఊళ్లో ఆ ఊరివాళ్లే ఎన్నుకున్న ఆరోగ్య కార్యకర్తలని పెట్టారు. దేశం మొత్తం మీద అప్పట్లో వాళ్లు సుమారు 45 వేల మంది. ‘ముత్యుయెల్’ అనే ఆరోగ్య బీమాలో దాదాపు అందరూ ఏడాదికి కొంత కట్టి చేరతారు. 2000లో చేసిన సర్వేలో ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 196 మంది ఐదేళ్లు నిండకుండానే చనిపోతున్నారు. 2019-20 సర్వేలో ఆ సంఖ్య 45. ఈ రెండు అంకెల మధ్య బతికి బయటపడ్డ పిల్లలని తలుచుకుంటే, కగామేని ఎంత విమర్శించేవాళ్లైనా ఒక్క క్షణం ఆగాల్సిందే.

ఇందులో విదేశీ డబ్బు పాత్ర పెద్దది. సాయాన్ని తిట్టిపోసే నాయకుడి దేశమే సాయాన్ని అందరికంటే బాగా వాడుకున్న దేశాల్లో ఒకటైంది. దీన్ని ద్వంద్వ వైఖరి అనుకోనక్కర్లేదు. ఆయన చెప్పిందే అది: డబ్బు ఎవరిదైనా పని మనది కావాలి.

కాఫీ సంగతి చూడండి. రువాండా రైతులు వలస పాలన కాలం నుంచి కాఫీ పండిస్తున్నారు. కానీ పళ్లని ఇంటి దగ్గరే ఎలాగో ఒలిచి, ఎండబెట్టి, నాసిరకం గింజలుగా దళారులకి అమ్మేవారు. 2001 ప్రాంతంలో దక్షిణాదిన మరాబా అనే చోట అమెరికా సాయంతో ఒక కాఫీ శుద్ధి కేంద్రం కట్టారు. ఎర్రగా పండిన పళ్లని మాత్రమే కోయాలి, కోసిన రోజే కేంద్రానికి తేవాలి. అక్కడ తొక్క తీసి, పులియబెట్టి, కొండ నీళ్లతో కడిగి, నేలకి ఎత్తుగా కట్టిన వల బల్లల మీద ఆరబెడతారు. ఆడవాళ్లు ఆ బల్లల చుట్టూ నిలబడి పాడైన గింజలని ఒక్కొక్కటే ఏరిపారేస్తారు. పనిలో పెద్ద రహస్యమేమీ లేదు, శ్రద్ధ ఉంది. ఆ గింజలు బ్రిటన్, అమెరికా కొట్లలో మరాబా పేరుతోనే మంచి ధరకి అమ్ముడయ్యాయి. సహకార సంఘంలో మారణకాండలో భర్తలని పోగొట్టుకున్న ఆడవాళ్లూ ఉన్నారు, చంపినవాళ్లు జైళ్లలో ఉంటే బయట మిగిలిపోయిన వాళ్ల భార్యలూ ఉన్నారు. ఒకే బల్ల దగ్గర ఏరారు. ఇలాంటి సాయం మీద కగామేకి ఎప్పుడూ అభ్యంతరం లేదు. ఇందులో రైతుకి చివరికి దొరికింది కొనేవాడు, దానం కాదు.

‘గిరింకా’ పథకం కూడా ఇదే దారిలోది. 2006లో మొదలైంది. పేద కుటుంబానికి ఒక ఆవుని ఇస్తారు. దానికి పుట్టిన మొదటి పెయ్య దూడని ఆ కుటుంబం పక్కింటి మరో పేద కుటుంబానికి ఇవ్వాలి. పుచ్చుకున్నవాళ్లు ఏడాదో రెండేళ్లో తిరిగేసరికి ఇచ్చేవాళ్లవుతారు. రువాండాలో ఆవుని ఇవ్వడం కంటే పెద్ద మర్యాద లేదు కాబట్టి ఆ పథకం జనంలోకి సులువుగా వెళ్లింది. 2018 జులైలో ప్రధాని మోదీ రువాండా వెళ్లినప్పుడు రువేరు గ్రామంలో ఈ పథకానికి 200 ఆవులని కానుకగా ఇచ్చారు. ఆవుల్ని అక్కడే కొన్నారు. ఆవుకీ మనిషికీ ఉన్న అనుబంధం గురించి మనవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

నాయకత్వం గురించి కగామే చెప్పేదాన్ని 2014 ఏప్రిల్‌లో, మారణకాండకి ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా చేసిన ప్రసంగంలో ఒకచోట చూడొచ్చు. అంతా అయిపోయాక రువాండా వాళ్లు మూడు నిర్ణయాలు తీసుకున్నారని ఆయన అన్నారు. కలిసి ఉండాలని, తమకి తామే జవాబుదారీగా ఉండాలని, పెద్దగా ఆలోచించాలని.

మొదటిదాని కోసం గుర్తింపు కార్డుల్లోంచి జాతి పేరు తీసేశారు. బెల్జియం పాలకులు 1930లలో పెట్టిన ఆ గీతే 1994లో రోడ్డు మీద ఎవరు బతకాలో ఎవరు చావాలో తేల్చింది. లక్షా ఇరవై వేల మంది నిందితులతో జైళ్లు కిక్కిరిసిపోతే, మామూలు కోర్టుల్లో ఆ విచారణలకి వందేళ్లు పడుతుందని లెక్క వేసి, ‘గచాచా’ అనే పాత ఊరి పంచాయతీని కొత్తగా నిలబెట్టారు. గచాచా అంటే పచ్చిక. ఊరి జనం పచ్చిక మీద కూర్చుంటారు, నిందితుడు నిలబడి తను చేసింది చెప్తాడు, శవం ఎక్కడ పూడ్చాడో చూపిస్తాడు. 2012లో మూసేసేనాటికి ఈ పంచాయతీలు పది లక్షలకు పైగా కేసులు విచారించాయి. లోపాలు చాలా ఉన్నాయి. కక్షతో పెట్టిన కేసులున్నాయి, కగామే సైనికులు చేసిన హత్యల ఊసు అక్కడ ఎత్తనివ్వలేదు. అయినా కొన్ని వేల మందికి తమవాళ్ల ఎముకలు ఎక్కడున్నాయో ఆ పచ్చిక మీదే తెలిసింది.

రెండోదానికి పేరు ‘ఇమిహిగో’. పూర్వం యోధులు రాజు ఎదుట, ఇది చేసి చూపిస్తామని చేసే ప్రతిజ్ఞ. 2006 నుంచి 30 జిల్లాల మేయర్లు ఏటా అధ్యక్షుడి ఎదుట ఇన్ని కిలోమీటర్ల రోడ్డు, ఇన్ని ఇళ్లకి కరెంటు అని సంతకం చేస్తున్నారు. ఏడాది చివర ర్యాంకులు వస్తాయి. అడుగున పడ్డ మేయర్‌కి టెన్షన్ మామూలుగా ఉండదు. ఇక నెలలో చివరి శనివారం పొద్దున 8 నుంచి 11 దాకా ‘ఉముగాండా’. మన శ్రమదానం లాంటిదే, కాకపోతే చట్టబద్ధం. కొట్లు మూసేస్తారు, రోడ్ల మీద బళ్లు పెద్దగా తిరగవు. 18 నుంచి 65 ఏళ్ల వయసువాళ్లు పార, గునపం పట్టుకుని కాలవలు తవ్వుతారు, కొండవాలులో మెట్ల పొలాలకి గట్లు వేస్తారు. ఎగ్గొడితే 5,000 ఫ్రాంకుల జరిమానా. కిగాలి వీధులు అంత శుభ్రంగా ఉండటానికి 2008లో ప్లాస్టిక్ సంచులు నిషేధించడం ఒక కారణమైతే, ఈ శనివారాలు ఇంకో కారణం.

ఇక్కడే ఒళ్లు జలదరించే సంగతి ఒకటుంది. ఉముగాండా కగామే కనిపెట్టింది కాదు. హబ్యరిమానా కాలంలోనూ ఉంది. 1994లో మనుషుల్ని చంపడాన్ని ‘గుకోరా’ అన్నారు. అంటే ‘పని చేయడం’. పొద్దున్నే అందరూ కత్తులు పట్టుకుని కలిసి ‘పని’కి వెళ్లారు. పైనుంచి మాట రాగానే కొండ కొండకీ, ఇల్లు ఇంటికీ చేరే యంత్రాంగం రువాండాలో చాలాకాలంగా ఉంది. హబ్యరిమానా చనిపోయాక పగ్గాలు పట్టినవాళ్లు దాంతో మారణకాండ చేయించారు. మరో పాలకుడు దాంతోనే కాలవలు తవ్వించి, పిల్లలకి టీకాలు వేయించాడు. నాయకుడే అంతా అని కగామే అనడం వెనుక ఈ భయంకరమైన నిజం ఉంది. అయితే అదే నిజం రెండో వైపు నుంచి కూడా చూడాలి. అంతా నాయకుడి చేతిలోనే ఉన్నప్పుడు, ఆ నాయకుడిని అడిగేదెవరు?

సాయం జవాబుదారీతనాన్ని జనం నుంచి దాతల వైపు తిప్పేస్తుందన్న వాదన పూర్తి కావాలంటే, సాయం తగ్గిన కొద్దీ జవాబు జనం వైపు మళ్లాలి. రువాండాలో ఆ సగం జరగలేదు. మేయర్ అధ్యక్షుడికి జవాబు చెప్తాడు. అధ్యక్షుడు ఎవరికి చెప్తాడు? 2003లో కగామేకి 95 శాతం ఓట్లు వచ్చాయి, 2024లో 99 శాతం దాటాయి. 2010లో పోటీకి వచ్చిన విక్టోయిర్ ఇంగబిరేని జైల్లో పెట్టారు, 2018లో క్షమాభిక్షతో వదిలారు. డయాన్ రుయిగారాని రెండు ఎన్నికల్లో పోటీకే రానివ్వలేదు. దేశం దాటి వెళ్లిన మాజీ గూఢచారి అధిపతి పాట్రిక్ కరెగేయా జోహన్నెస్‌బర్గ్ హోటల్లో 2014 కొత్త సంవత్సరం వేళ శవమై కనిపించారు. తమకు సంబంధం లేదని ప్రభుత్వం అంటుంది. 2015లో పేదరికం 44.9 శాతం నుంచి 39.1 శాతానికి తగ్గిందని లెక్కలు విడుదలైతే, కొలిచే పద్ధతి మార్చారని, పాత పద్ధతిలో చూస్తే పెరిగినట్టేనని బయటి పరిశోధకులు వాదించారు. దేశం లోపల ఆ చర్చ ఎవరు గట్టిగా చేయగలరు? పాత బట్టల సుంకం విషయమే చూడండి. పరువు దేశానిది, ధర మాత్రం కుప్ప ముందు నిలబడి ఏరుకునే పేదవాడూ, ఆ కుప్ప అమ్ముకుని బతికే చిన్న వ్యాపారీ కట్టారు. ఆ నిర్ణయం మంచిదే కావచ్చు. వాళ్లని అడిగి తీసుకున్నది మాత్రం కాదు.

కాంగో ఈ వాదనకి పడిన అన్నిటికంటే పెద్ద మచ్చ. 2012లో తూర్పు కాంగోలో పోరాడుతున్న ఎం23 అనే తిరుగుబాటుదారులకి రువాండా అండ ఉందని ఐక్యరాజ్య సమితి నిపుణులు చెప్పడంతో అమెరికా, బ్రిటన్, జర్మనీ, నెదర్లాండ్స్ సాయం ఆపడమో, వాయిదా వేయడమో చేశాయి. అదే ఆగస్టులో కగామే ‘అగచిరో’ పేరుతోనే నిధి ప్రారంభించారు. టీచర్లు, సైనికులు, విదేశాల్లో ఉన్న రువాండా వాళ్లు జీతాల్లోంచి ఇచ్చారు. కొందరు ఇష్టంగా, కొందరు ఇవ్వకపోతే ఏమవుతుందోనన్న భయంతో. అయినా 2012లో 8 శాతం దాటిన వృద్ధి రేటు 2013లో 5 శాతం లోపుకి పడిపోయింది. సొంత కాళ్ల మీద నిలబడటం ఎంత దూరంలో ఉందో ఆ ఒక్క ఏడాదే చూపించింది.

ఎం23 మళ్లీ వచ్చింది. 2025 జనవరి చివర్లో గోమానీ, ఫిబ్రవరిలో మరో కాంగో నగరం బుకావునీ పట్టుకుంది. మూడు నాలుగు వేల మంది రువాండా సైనికులు ఆ తిరుగుబాటుదారులకి తోడుగా ఉన్నారని నిపుణుల బృందం అంతకు ముందే చెప్పింది. 1994 హంతకుల వారసులు సరిహద్దు అవతల ఇంకా ఉన్నారని, తమది ఆత్మరక్షణ అని రువాండా జవాబు. ఆ భయం ఊహించింది కాదు, గోమా శిబిరాల రోజుల నుంచీ ఉన్నదే. కానీ లక్షల మంది కాంగో వాళ్లు మూటాముల్లె నెత్తిన పెట్టుకుని రోడ్డున పడటానికి ఆ భయం సమర్థన కాలేదు. ఒకప్పుడు తన కుటుంబం అలాగే పారిపోయిన మనిషికి ఆ దృశ్యం ఎలాంటిదో ఒకరు చెప్పక్కర్లేదు. బ్రిటన్ కొంత సాయం ఆపింది. బెల్జియంతో సాయం ఒప్పందాన్ని రువాండాయే నిలిపేసి, మార్చిలో దౌత్య సంబంధాలు కూడా తెంచుకుంది. జూన్‌లో కాంగో, రువాండా విదేశాంగ మంత్రులు వాషింగ్టన్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఆఫ్రికా సమస్యలకి ఆఫ్రికాలోనే పరిష్కారం వెతకాలని, ఆఫ్రికన్ యూనియన్ ఖర్చులు ఆఫ్రికా దేశాలే దిగుమతుల మీద 0.2 శాతం సుంకం వేసుకుని భరించాలని 2016 కిగాలి సమావేశం నుంచీ వాదిస్తూ వచ్చిన నాయకుడి దేశం సంతకం పెట్టడానికి చివరికి వాషింగ్టన్ వెళ్లాల్సి వచ్చింది.

2015లో రాజ్యాంగాన్ని మార్చుకున్నారు కాబట్టి కగామే 2034 దాకా పదవిలో ఉండొచ్చు. పేరుకి అధ్యక్షుడైంది 2000లో, చక్రం తిప్పుతున్నది 1994 జులై నుంచి. ఆ ఏడాది కొండల మీద, చర్చిల్లో, శవాల మధ్య బతికి బయటపడ్డ పసిపిల్లలు 2034 నాటికి నలభై ఏళ్లవాళ్లవుతారు. వాళ్లకి బడి వచ్చింది, బీమా వచ్చింది, ఊరి దాకా రోడ్డు వచ్చింది. నెలకో శనివారం పార పట్టి ఆ రోడ్డు పక్క కాలవని వాళ్లే శుభ్రం చేస్తారు. పని అయ్యాక అక్కడే సమావేశం జరుగుతుంది. అధికారి కాలవ గురించి, బీమా డబ్బు గురించి మాట్లాడతాడు, వాళ్లు వాటి గురించే ప్రశ్నలడుగుతారు.